తొమ్మిది బారల దండెం

ముసురు పట్టి తొమ్మిదో రోజు. సీతారావమ్మ కళ్ళు తెరుస్తూనే, దుప్పట్లోంచే వానను తిట్టడం మొదలుపెట్టింది.

"మన దివిలో గాలివాన వచ్చిందంటే ఒక్క రాత్రి. చెట్టో చేమో ఇంటి కప్పో, ఏది కావాలంటే అది పట్టుకుపోయేది. తెల్లారేసరికి ఫెళ్ళున ఎండ. ఇదేం వానే తల్లీ! చుట్టంచూపుగా వచ్చి మంచమెక్కిన ఆడబడుచులాగా, తనంతట తాను పోదు, మనం పొమ్మనలేం."

"మీరూ ఒకింటికి ఆడబడుచేగా అత్తయ్యా," అంది రాజ్యలక్ష్మి పొయ్యి ఊదుతూ.

"నేనెక్కడికెళ్ళినా మూడో నాటికి మూట సర్దేసేదాన్ని. కావాలంటే కనుక్కో."

పొయ్యిలో పత్తికట్టె పొగ తప్ప మంట ఇవ్వడం లేదు. అటక మీది పిడకలు చెమ్మ పట్టి మళ్ళీ పేడ అయిపోయాయి. జాడీలో ఉప్పు నీరుగారింది. అగ్గిపెట్టె మెత్తబడకుండా రాజ్యలక్ష్మి దాన్ని బియ్యపు డబ్బాలో దాస్తోంది. దానికోసం చెయ్యి పెట్టినప్పుడల్లా డబ్బా అడుగు నిన్నటికన్నా దగ్గరైనట్టు వేళ్ళకు తెలుస్తోంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అత్తగారు రెండు రోజులుగా, అరుగుదల లేదంటూ రాత్రిపూట అన్నం మానేసింది.

వసారాలో ఈ గోడ నుంచి ఆ గోడకు మూడు వరసలుగా దండెం కట్టి ఉంది. పిల్లల లంగాలు, శేషయ్య పంచెలు, పాత చీరలు, దుప్పట్లు, అన్నీ దాని మీదే. నాలుగు రోజుల కింద ఉతికినవి కూడా పట్టుకుంటే ఇంకా తడిగానే ఉన్నాయి. వాటి కింద నడవాలంటే తల వంచుకుని నడవాలి. ఇంట్లో అందరికీ తల వంచుకుని నడవడం అలవాటైపోయింది.

శేషయ్య గోనెసంచి ముసుగు వేసుకుని చేలోంచి వచ్చాడు. రేగడి మట్టి ఒక్కో కాలికి మణుగు చొప్పున అంటుకుని ఉంది. మెట్టు మీద కూర్చుని పుల్లతో దాన్ని గీక్కుంటూ, "పడిపోయింది," అన్నాడు.

ఏమిటని ఎవరూ అడగలేదు. చేను పాలకంకి మీద ఉంది. ఇంకో నెల నిలబడితే చాలు. రెండు రోజులుగా వాలుతూ వాలుతూ ఉన్నది, ఇవాళ నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

"మొత్తమా?" అంది రాజ్యలక్ష్మి.

"గట్టు పక్కన నాలుగు దుబ్బులు నిలబడున్నాయి. వాటిని చూసే ఏడుపొచ్చింది."

సీతారావమ్మ దుప్పట్లోంచి లేచి కూర్చుని ఆకాశాన్ని, అందులో ఉన్న దేవతలను పేరుపేరునా తిట్టింది. ఆమె తిట్టగలిగినంతసేపు తక్కినవాళ్ళకు మాట్లాడే పని ఉండదు. అందుకే ఆమెను ఎవరూ ఆపరు.

కాలువ కింద భూములిస్తున్నారని దివిసీమ నుంచి వచ్చి వాళ్ళకు అయిదేళ్ళయింది. పిల్లకాలువ గట్టున పాతిక ఇళ్ళ క్యాంపు. మస్కి సంతకు పోయే బస్సు దొరకాలంటే రెండు మైళ్ళు నడవాలి. నేల నల్లగా, మెత్తగా ఉంటుంది. ఎండలో ఎంత మంచిదో వానలో అంత పగ తీర్చుకుంటుంది. నాలుగు చినుకులు పడితే బండి కదలదు, పది పడితే మనిషి కదలడు. ఇప్పుడు తొమ్మిది రోజులుగా క్యాంపులోకి ఎవరూ రాలేదు, క్యాంపు నుంచి ఎవరూ పోలేదు.

పక్కింటి కోటయ్య గొడుగు వేసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అతని చేనూ నీళ్ళలోనే ఉంది. కాని అతను ఏ కష్టాన్నైనా ఒక వెటకారం ఆడితే గాని మింగలేడు.

"ఈ వానకి ఒక సుఖం ఉందండీ పిన్నిగారూ," అన్నాడు సీతారావమ్మతో. "పాలల్లో నీళ్ళు కలిపే శ్రమ తప్పింది. గేదే కలిపేసి ఇస్తంది."

"నీ నోట్లో పురుగులు పడ! ఊళ్ళు మునుగుతుంటే వేళాకోళమా?"

"ఏడుద్దామంటే కన్నీళ్ళేవో వానేదో తెలిసి చావడం లేదండి మరి." అతను శేషయ్య వైపు తిరిగాడు. "నీకేమయ్యా, చేను పోయినా పాతరుంది. మా పురి చూడు, ఈ ఏడాదీ మొలిచింది. మొలిచిందంటే మామూలుగా కాదు, నారుమడే! పీక్కెళ్ళి నాటుకోవడమే."

శేషయ్య నవ్వలేదు గాని అతని ముఖంలో చిన్న వెలుగు కనిపించింది. "ఉంది," అన్నాడు. "అదొక్కటీ ఉంది."

ఆ పాతర రాజ్యలక్ష్మి ఆలోచన.

కిందటేడు దసరా ముసురులో వాళ్ళ పురి పాడైంది. గడ్డితో తాళ్ళలాంటి వెంట్లు పేని చుట్టలు చుట్టి, మధ్యలో వడ్లు పోసి, వాకిట్లో బురుజులాగా నిలబెట్టే పురి దివిలో తాతల నాటి నుంచి వాళ్ళను కాపాడింది. ఇక్కడ ఒక్క ముసురుకు దాని ఒంటి నిండా తెల్లని మొలకలు వెంట్రుకల్లా బయటకు వచ్చాయి. తినడానికి కొంత ఏరుకున్నారు, విత్తనానికి ఏమీ మిగల్లేదు. అప్పుడే శేషయ్య అన్నాడు, "ఇంకో ఏడు ఇలాగే అయితే అమ్మనీ పిల్లల్నీ తీసుకుని మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళిపో రాజ్యం. నేనొక్కణ్ణీ ఇక్కడ ఎవరి దగ్గరో పాలేరుగా ఉండి నిలదొక్కుకుంటాను." విసుగుతో అన్న మాట కాదు. ఆలోచించి, ఆమె ముఖం చూడకుండా అన్నాడు.

ఆమె అన్న మంచివాడు. వదినా మంచిదే. చిక్కంతా అక్కడే. ఇక్కడికి రాకముందు ఆరు నెలలు రాజ్యలక్ష్మి పిల్లలతో ఆ ఇంట్లో ఉంది. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఇంకొకరి వంటింట్లో చప్పుడు కాకుండా గిన్నె దించడం, ఆకలేసిందని పిల్లలు అంటే నోరు మూయడం, వదిన 'ఇంకాస్త వేసుకో' అన్నప్పుడు వద్దనడం ఆమె అప్పుడే నేర్చుకుంది. మళ్ళీ ఆ విద్య అవసరం పడకూడదని ఈ నల్ల మట్టిలోకి వచ్చింది. శేషయ్య నిలదొక్కుకునేదెప్పుడో, మళ్ళీ అందరూ ఒక ఇంట్లో ఉండేదెప్పుడో ఎవరు చెప్పగలరు?

ఇక్కడివాళ్ళ పాత ఊరు క్యాంపుకు అర మైలు. అక్కడ సుంకప్ప వాళ్ళ దొడ్లో మంచినీళ్ళ బావి ఉంది. క్యాంపు ఆడవాళ్ళంతా అక్కడే తోడుకుంటారు. ఆ బావి దగ్గర ఒకనాడు సుంకప్ప తల్లి ఉలిగెమ్మ, దొడ్డి మూలన ఉన్న మట్టి దిబ్బను చూపించి గొప్పగా చెప్పింది.

"ఏంది బిడ్డా, వడ్లు మొలిసినయని మొగం గట్ల పెట్టినవ్? భూమి మీద పెడితె మొలవక ఏంజేస్తది? మా అత్త పాతరల పోసిన జొన్నలు నా పెద్ద కొడుకు పెండ్లికి తీసినం. పన్నెండేండ్లు! పురుగు లేదు, బూజు లేదు. కరువుల ఊరు ఊరంత తిన్నది."

దాన్ని వాళ్ళు హగేవు అని కూడా అంటారు. రెండు నిలువుల లోతు, కుండలాగా పొట్ట లావు, మెడ సన్నం. లోపల చుట్టూ రాతి కట్టు, మూతికి బండ, బండ మీద మట్టి. రాజ్యలక్ష్మికి ఏదైనా పూర్తిగా తెలుసుకోనిదే తోచదు. లోపల గడ్డి ఎంత మందం పరచాలి, పేడ అలుకు ఎన్ని పూతలు వేయాలి, ఎలుకలు రాకుండా ఏం చేయాలి, తెరిచాక ఎన్నాళ్ళు ఆగి దిగాలి, అన్నీ అడిగింది. శేషయ్యను ఒప్పించి, ఆ పాతరనే వాడుకుంటామని సుంకప్పను అడిగింది. మొన్న వేసవిలో రెండో పంట కోశాక పాతరలో జొన్నసొప్ప మంటవేసి కాల్చి, చల్లారాక తానే నిచ్చెన వేసుకుని దిగి, గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. పిండిలాగా పొడిగా ఉంది. ముప్ఫై బస్తాలు పోశారు, రెండో పంటకు విత్తనమూ, వచ్చే వేసవి దాకా తిండీ. "జొన్నలోళ్ళ గోతిలో వడ్లు పోస్తున్నాడు," అని క్యాంపంతా నవ్వింది. ఆమె పట్టించుకోలేదు. అడగవలసినవన్నీ అడిగింది.

అడిగాననే అనుకుంది.

"రేపు తెరుద్దాం," అన్నాడు శేషయ్య కోటయ్య వెళ్ళాక.

"వానలో తెరవకూడదన్నారు. ఒక పొడి రోజు కావాలి," అంది రాజ్యలక్ష్మి.

"బియ్యం ఉన్నాయా?"

"ఉన్నాయి."

మధ్యాహ్నం ఆమె దండెం మీది బట్టలు అటివి ఇటు మార్చింది. ఆరవని తెలుసు. అయినా ఒక పక్కే తడి ఉండిపోతే బూజు పడుతుంది. పెద్దపిల్ల లంగా జరుపుతుంటే చేతికి ముడి తగిలింది. జరిపితే లంగా ముడి దగ్గర ఆగింది. ముడి దాటించి ఇంకాస్త జరిపింది. ఇంకో ముడి.

ఆమె చెయ్యి ఆ రెండో ముడి మీదే ఉండిపోయింది.

అది బావి తాడు. వచ్చిన ఏడు మస్కి సంతలో కొన్న చేదతాడు, పన్నెండు బారలు. చేతులు బారజాపి పన్నెండుసార్లు కొలిచి మరీ తీసుకుంది, అంతకన్నా ఒక్క మూర తగ్గినా సుంకప్ప బావిలో బొక్కెన నీటిని తాకేది కాదు. ఆ ఏడు ఆమె అరచేతులు ఒరిసిపోయాయి. మూడో ఏడు తాడు మిగలడం మొదలుపెట్టింది. బావి గట్టు మీద అనవసరంగా కుప్పపడుతోందని మూడు బారలు కోసి తెచ్చి దండెం కట్టుకుంది. నాలుగో ఏడు ఇంకో రెండు కోసి దానికి ముడివేసింది. కిందటేడు నాలుగు బారలు ఒక్కసారే. ప్రతిసారీ సంతోషపడింది, చేతులకు సుఖమని, దండెం పొడవైందని. ఇరుగు పొరుగు అమ్మలక్కలు కాలువమ్మ చలవ అన్నారు. ఆమె కూడా అదే అంది.

మూడూ రెండూ నాలుగూ తొమ్మిది. బావిలోకి మూడు బారలే. అదీ కిందటేటి మాట.

పాతర లోతు రెండు నిలువులు. నిలువన్నా బారన్నా ఇంచుమించు ఒకటే.

ఆమె తడి లంగా అక్కడే వదిలేసి గోనెసంచి నెత్తిన వేసుకుంది.

"ఎక్కడికే ఈ వానలో?" అంది సీతారావమ్మ.

"బావి దాకా."

"చూరు నీళ్ళు కుండల నిండా ఉన్నాయిగా! పిచ్చెక్కిందా?"

అదే మరి. తొమ్మిది రోజులుగా చూరు నీళ్ళు పట్టుకుని వాడుకుంటున్నారు. క్యాంపు నుంచి బావికి వెళ్ళినవాళ్ళు లేరు.

అర మైలు నడవడానికి చాలాసేపు పట్టింది. చెప్పులు చేత పట్టుకుంది. కాలువలో నీళ్ళు గట్ల దాకా నిండుగా, తాపీగా పోతున్నాయి. వేసవిలో నెలా రెండు నెలలు కాలువ కట్టేస్తారు. పాతర గోడ పొడిగా ఉన్న రోజున కాలువ కట్టేసి ఉందన్న సంగతి ఆమెకు నడుస్తూ నడుస్తూ గుర్తొచ్చింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది.

ఉలిగెమ్మ బావి గట్టు మీద వంగి చెంబుతో నీళ్ళు ముంచి బిందెలో పోసుకుంటోంది. తాడు లేదు. బొక్కెన లేదు.

"ఏంది బిడ్డా గిసుంటి వానల వస్తివి?" అంది ముసలమ్మ. "మా మిద్దె కారబట్టి పండుకునేటందుకు జాగ లేదు. యెనుకట వాన కోసమని కప్పల పెండ్లిళ్ళు చేస్తుంటిమి. ఇప్పుడు కప్పలే మా ఇంట్ల పెండ్లి పెట్టుకున్నయ్, రాత్రంత బాజా! గది పోనీ, బావి జూడు. వంగితె చాలు. డెబ్బై ఏండ్లకు ఎల్లమ్మ తల్లి నా నడుం మీద దయ దలిచింది."

రాజ్యలక్ష్మి బావిలోకి చూసింది. నీళ్ళలో తన ముఖం చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా ఉంది. చినుకులు పడి ముఖం చెదురుతోంది.

"పెద్దమ్మా, పాతరలో ఆఖరుసారి జొన్నలు ఎప్పుడు పోశారు?"

"ఆఖరు అంటె..." ఉలిగెమ్మ బిందె దించి ఆలోచించింది. "నా చిన్న బిడ్డ పెండ్లి ఏడు. కాలువ తవ్వుతుండిరి, ఇంక నీళ్ళు ఇడువలే. కాలువొచ్చినంక జొన్న యాడిది బిడ్డా? అందరు వరి మడి పెట్టిరి. అప్పటి సంది ఖాళీగనే ఉండె. ఎందుకడుగుతున్నవ్?"

రాజ్యలక్ష్మి పాతర వైపు తిరిగింది. బావికి పాతరకు ఇరవై అడుగులుంటుందేమో. దిబ్బ మీద సుంకప్ప సొప్ప దట్టంగా కప్పి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టాడు. చుట్టూ చిన్న కాలువ తీసి వాననీళ్ళు పక్కకు మళ్ళించాడు. ఎంతో శ్రద్ధగా చేశాడు. పైనుంచి ఒక్క చుక్క దిగదు.

మాటలు విని సుంకప్ప ఇంట్లోంచి వచ్చాడు. "ఏంది అక్కా, అంత ఖైరియతేనా?"

"సుంకప్పా, పాతర ఇవాళే తెరవాలి."

"వానలనా? ఉన్నది గూడ ఖరాబైతది. మూత తీసినంక ఒక దినమన్న గాలి పోవాలె. వెంటనే దిగితె మనిషి దక్కడు. తెలిసినదానివి, నువ్వే గిట్లంటే ఎట్ల?"

ఆమె బావిని చూపించింది. కిందటేడు తాడు ఎంత పట్టేదో చెప్పింది, పాతర లోతు ఎంతో చెప్పింది. సుంకప్ప బావి వైపు, తర్వాత దిబ్బ వైపు చూశాడు. తలపాగా తీసి పిండి మళ్ళీ చుట్టుకున్నాడు.

"బావి బావే, పాతర పాతరే అక్కా. నడుమ బండ కట్టు ఉన్నది," అన్నాడు. కాని ఆమె కళ్ళలోకి చూడలేదు. "వాన ఇడువనీ. ఇడిసిన దినమే తీద్దాం. నా ఇంట్ల పెట్టినవ్, నాకు మాత్రం పానం కొట్టుకోదా?"

ఇంటికి వచ్చి శేషయ్యతో చెప్పింది.

"గోడ నువ్వే ముట్టుకుని చూశావుగా," అన్నాడు అతను.

"చూశాను. పొడిగానే ఉంది."

"మరింకేం?"

నిందించడం లేదు. ఆమె చూసిందంటే అది నిజమని అతని నమ్మకం. అయిదేళ్ళలో ఆ నమ్మకం ఎప్పుడూ ఇంత బరువుగా అనిపించలేదు.

ఆ సాయంత్రం సీతారావమ్మ, "ఈ పాడు వాన మన ఉసురు పోసుకోవడానికే పుట్టింది," అంటే, రాజ్యలక్ష్మి కూడా కలిసింది. "అవునత్తయ్యా, దిక్కుమాలిన వాన. దీని మొహం మండ," అంది. కోడలు తిట్టడం ఎన్నడూ వినని ముసలమ్మ ఆశ్చర్యపోయి, సంతోషించి, మరో నాలుగు తిట్లు నేర్పింది. అత్తాకోడళ్ళు దీపం పెట్టేదాకా వానను తిట్టారు. వాన చేసిందని నమ్మగలిగితే ఎంత బాగుండును! పైనుంచి వచ్చినదాన్ని ఎవరైనా తిట్టవచ్చు.

పదో రోజూ, పదకొండో రోజూ కురిసింది. రాజ్యలక్ష్మి పొద్దునా సాయంత్రమూ గంజి కాచింది. అగ్గిపెట్టె ఇప్పుడు డబ్బాలో పెడితే టంగుమని చప్పుడవుతోంది.

పన్నెండో రోజు పొద్దున ఎండ వచ్చింది.

కడిగినట్టున్న ఆకాశం. క్యాంపులో పాతిక ఇళ్ళవాళ్ళూ పరుపులు, చాపలు, మినుములు, మిరపకాయలు, బట్టలు, అన్నీ ఒక్కసారే వాకిళ్ళలోకి తెచ్చారు. పిల్లలు కేకలు పెట్టుకుంటూ బురదలో పరుగులు తీశారు. కోటయ్య భార్య కుసుమ మొలకలెత్తిన వడ్లను గోనె మీద పరుస్తూ కంచె అవతల నుంచి అరిచింది, "వదినగారూ, మొత్తానికి వచ్చాడండీ సూర్యనారాయణమూర్తి!"

"వచ్చాడు," అంది రాజ్యలక్ష్మి.

ఆ రోజు బండ పక్కకు తీసి వదిలేశారు. మర్నాడు పొద్దెక్కాక సుంకప్ప తాడుకు లాంతరు కట్టి పాతరలోకి దించాడు. దీపం కొంచెం చిన్నబోయింది గాని ఆరలేదు. ఉలిగెమ్మ దణ్ణం పెట్టుకుంది. సీతారావమ్మ కూడా పడుతూ లేస్తూ అర మైలు నడిచి వచ్చి బావి గట్టు మీద కూర్చుంది. కోటయ్య వచ్చాడు.

సుంకప్ప నడుముకు తాడు కట్టుకుని దిగాడు. మొదటి గంప పైకి వచ్చింది. రాజ్యలక్ష్మి ఒక గింజ తీసి పళ్ళ మధ్య పెట్టి కొరికింది. టక్కుమంది. ఇంకోటి. టక్కుమంది. కాస్త ముక్కిన వాసన, అంతే. గింజ పచ్చగా, గట్టిగా ఉంది.

శేషయ్య ఆమె ముఖం చూసి పకాలున నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు. "గోడ ముట్టుకుని మరీ పోసిందిరా!" అన్నాడు కోటయ్యతో.

కోటయ్య దోసిట్లోకి వడ్లు తీసుకుని ఎండకు ఎత్తి చూశాడు. "ఒప్పుకున్నానయ్యా. వచ్చే ఏడు నేనూ ఒక గొయ్యి తవ్వించుకుంటా. నాకూ మా గేదెకూ కలిపి."

రెండో గంప, మూడో గంప, పదో గంప వచ్చాయి. ఒక బస్తా కుట్టారు. ఇంకోటి కుట్టారు. ఉలిగెమ్మ మాత్రం గంపలోకి వంగి చూసి తల ఆడించింది.

"ఇదేంది? మీద జానెడు మందం పోవాలె గదా? ఎన్నడు మీద పొర నల్లగైతది, దాన్ని తీసి గొడ్లకు ఏస్తం. గిట్ల మీద మంచిగుండుడు నేనెన్నడు జూడలే."

అందరూ సంతోషంగా ఆ మాట విన్నారు. రాజ్యలక్ష్మి మాత్రం రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

మూడున్నర బస్తాల దగ్గర లోపలి నుంచి గంప రావడం ఆగింది.

"సుంకప్పా?" అన్నాడు శేషయ్య.

అతను మెల్లగా, గుమ్మటంలోంచి వచ్చినట్టు, "అన్నా, కాలు దిగబడుతున్నది," అన్నాడు.

వాసన అప్పుడు వచ్చింది. పులిసిన కల్లు కుండ మూత తీసినట్టు, పుల్లగా, వెచ్చగా వచ్చింది. తర్వాతి గంపలో ఉన్నది వడ్లు కావు. నల్లగా, ముద్దగా, చెయ్యి పెడితే వేడిగా ఉంది. మధ్యలో తెల్లటి మొలకలు ఎటు పోవాలో తెలియక ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. ఆ కింద గంపకు బదులు బొక్కెన అడిగాడు సుంకప్ప. బొక్కెనలో నల్లటి నీళ్ళు వచ్చాయి. తోడిన కొద్దీ ఊరాయి. ఇరవై అడుగుల అవతల బావిలో నీళ్ళు ఎంత మట్టంలో ఉన్నాయో, పాతరలోనూ ఇంచుమించు అంతే మట్టంలో నిలిచాయి.

సుంకప్పను పైకి లాగారు. మోకాళ్ళ దాకా నల్లగా ఉన్నాడు. శ్వాస అందక కాసేపు నేల మీద వెల్లకిలా పడుకున్నాడు.

"మా తాతల కాలం సంది మీద పోయి కింద నిలుస్తుండె," అన్నాడు ఆకాశంలోకి చూస్తూ. "కింద పోయి మీద నిలుసుడు ఇప్పుడే జూస్తున్న. అన్నా, నాకు తెల్వది. ఒట్టు, నాకు తెల్వది."

"నీ తప్పేముందిరా," అన్నాడు శేషయ్య. అతను నిలబడ్డ చోటే మెల్లగా కూర్చున్నాడు.

ఉలిగెమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంబుతో నీళ్ళు ముంచుకుని మురిసిన మాట ఆమెకూ గుర్తొచ్చిందేమో, బావి వైపు చూసి చప్పున ముఖం తిప్పుకుంది.

సీతారావమ్మ కర్ర ఊతతో లేచింది. అలవాటు చొప్పున తల పైకెత్తింది, నోరు తెరిచింది. పైన ఒక్క మబ్బు లేదు. నీలంగా, నిర్మలంగా, ఏ పాపమూ ఎరగనట్టున్న ఆకాశం. ఆమె కాసేపు అలాగే నోరు తెరుచుకుని చూసింది. కిందికి చూసింది. మళ్ళీ పైకి చూసింది. ఎవర్ని తిట్టాలో తెలియక మళ్ళీ బావి గట్టు మీద కూర్చుంది.

కోటయ్య వంగి, బస్తాలు కుట్టే దబ్బనం అందుకున్నాడు.

మూడున్నర బస్తాలు బండి మీద ఇంటికి వచ్చాయి. రేగడి ఇంకా పూర్తిగా ఆరలేదు గాని ఆ బరువుకు బండి దిగబడలేదు. ముప్ఫై బస్తాలైతే దిగబడేది. అన్ని బస్తాలకు ఇంకో బండి అడగాలని పొద్దున శేషయ్య అనుకున్నాడు.

"ఒక బస్తా నాకుంచు," అన్నాడు అతను. "మిగతావి మీ అన్నయ్య దగ్గరికి తీసుకెళ్ళండి. వట్టి చేతులతో వెళ్ళడం బాగుండదు." బస్తాలు దింపుతూ, "పడిన చేనులో ఏరితే ఎంతో కొంత దొరకచ్చు. నేను చూసుకుంటాను," అన్నాడు.

"సరే," అంది రాజ్యలక్ష్మి. తాను వెళ్ళననీ, ఇక్కడే ఉంటాననీ చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క కారణం కూడా లేదు. రెండున్నర బస్తాల వడ్లతో అన్న ఇంటి గుమ్మం ముందు దిగడం, వదిన ఎదురొచ్చి 'ఎందుకమ్మా ఇవన్నీ మోసుకొచ్చావు' అనడం ఆమెకు ఇప్పుడే వినిపించింది.

దండెం ఇప్పుడు వాకిట్లోకి వచ్చింది. పదకొండు రోజుల బట్టలూ ఒక్క రోజులో ఆరిపోయాయి, వడియాల్లాగా పెళపెళలాడుతున్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే తీసి మడతపెట్టింది. పెద్దపిల్లవి ఒక పక్క, చిన్నపిల్లవి ఒక పక్క. తన చీరలు. అత్తగారి చీరలు.

"దివిలో కూడా ఇప్పుడు ముసురేనేమోనే," అంది సీతారావమ్మ గుమ్మంలో కూర్చుని. ఎండలో ఆమె ముఖం చాలా చిన్నగా కనిపించింది.

"అయ్యుంటుంది అత్తయ్యా."

కుసుమ కంచె దగ్గరికి వచ్చింది. అప్పటికి సంగతి క్యాంపంతా తెలిసినట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడింది. "వదినగారూ, మీ దండెం ఖాళీ అయితే మా దుప్పట్లు రెండు వేసుకుంటానండి. మాది చాల్లేదు."

"వేసుకో," అంది రాజ్యలక్ష్మి. "ఇటు ఈ రెండు ముక్కల మీదా వేసుకో."

మడతలన్నీ పెట్టెలో పెట్టి వచ్చింది. దండెం చివర, కిందటేడు కోసిన నాలుగు బారల ముక్క మీద శేషయ్యవి రెండు చొక్కాలు, ఒక పంచె మిగిలాయి. అవి ఎప్పుడో ఆరిపోయాయి. ఆమె చెయ్యి చాపి, చొక్కా అంచు పట్టుకుని తడి ఉందేమోనని ఒకసారి చూసింది. తర్వాత వాటిని అలాగే వదిలేసి లోపలికి వెళ్ళింది.